వెలిసిన నలుపు

మారుతి ఎనిమిదివందలను ప్రాచీనవాహనమని పిలుచుటకు మనవారికి ఇంకను నోరాడదు. ప్రాచీనమనగానే చౌమహల్లా ప్రాసాదములో నిలిపియుంచిన నిజాముగారి 1912 నాటి రోల్సురాయిసు జ్ఞప్తికి వచ్చును. లేదా పెండ్లివారు పూలమాలలు చుట్టి తెచ్చు అంబాసిడరు కన్నుల మెదలును. చట్టము కూడ వారి పక్షముననే యున్నది. కేంద్రప్రభుత్వము 2021లో చేసిన నిబంధన ప్రకారము, మొదటిసారి రిజిస్టరైన నాటినుండి 50 ఏండ్లు నిండిన బండికే ఆ గౌరవము. మొదటి మారుతి బండి తాళపుచెవి 1983 డిసెంబరు 14వ తేదీని యజమాని చేతికి వచ్చినది గావున, ఆ వంశములోని జ్యేష్ఠురాలికి సైతము 2033 వరకు ఈ బిరుదు దక్కదు. అయినను 2010 ఏప్రిలులో హైదరాబాదున దాని యమ్మకము నిలిచెను; 2014 జనవరిలో దాని తయారియే ముగిసెను. ఇక పుట్టుక లేని వస్తువును ఒక కుటుంబము ముప్పదియేండ్లుగా కాపాడుకొని వచ్చుచున్నప్పుడు, దానిని ప్రాచీనమనుటకు ప్రభుత్వముద్ర యక్కరలేదని మా యభిప్రాయము.

ఈ బండి మన మధ్యతరగతి గృహములకు ఒక క్రొత్త పదార్థమును కొనితెచ్చెను. అంబాసిడరునకును పద్మినికిని ముందు వెనుకల నుండు బంపరులు ఇనుపరేకుపై క్రోమియపు మెఱుగు పట్టించినవి. మారుతి బండికి అవి నల్లని ప్లాస్టికు. ప్రక్క అద్దముల డొప్పలును, ద్వారముల పిడులును, ముందరి జాలియు నల్లని ప్లాస్టికే. కొన్ననాడు అవి కాటుకవలె నల్లగా నుండును. పదియేండ్లకు బూడిదరంగు తిరుగును. ఇరువదియేండ్లకు వ్రేలితో రాచిన తెల్లని పొడి యంటును.

మన యిండ్లలో ప్రతి పదార్థమునకును తగిన యొక సేవ యున్నది. ఇత్తడి బిందెకు చింతపండు, వెండి భరిణకు విభూతి, ఇనుప కిటికీకి రంగు, కొయ్య ద్వారబంధమునకు నూనె, తోలుచెప్పునకు పాలిషు. ఇవి మనము పుస్తకములలో చదివి నేర్చినవి కావు. అమ్మమ్మల చేతులను చూచి నేర్చినవి. ప్లాస్టికును గూర్చి యే యమ్మమ్మయు ఏమియు చెప్పిపోలేదు. చెప్పుటకు వారికి వ్యవధి యేది? ఇట్టి బంపరులకు సాధారణముగ వాడు పాలీప్రొపిలీనను పదార్థమును ఇటలీదేశస్థుడగు జూలియో నట్టాగారు గట్టి స్ఫటికరూపమున సాధించినది 1954లో. ఈ శాస్త్రములో చేసిన కృషికి ఆయనకును జర్మనీదేశస్థుడగు కార్ల్ జీగ్లరుగారికిని కలిపి నోబెలు బహుమానము వచ్చినది 1963లో. మన వంటింటి సంప్రదాయము ముందు ఈ పదార్థము నిన్నటి పసిబిడ్డ. అందుచేత దానికి రోగము వచ్చినపుడు, మనమెరిగిన పదార్థములలో నేదో యొకటిగా దానిని భావించి వైద్యము చేయుదుము. కొయ్యయనుకొని నూనె రాయుదుము. ఇనుమనుకొని రంగు కొట్టుదుము. తోలనుకొని బూటుపాలిషు పూయుదుము. ఈ వైద్యములు మా యింట నెట్లు జరిగినవో చదువరులకు చెప్పుటయే ఈ వ్యాసమునకు పని.

మా యన్నగారు నాచారము పారిశ్రామికవాడలో ఒక చిన్న లేతుపని కార్ఖానాను నడిపెడివారు. 1994లో తెల్లని మారుతి బండిని కొనిరి. 2015లో వారు కాలము చేసిరి. కార్ఖానా చేతులు మారినది. ఉప్పలులోని యిల్లును, వాకిట నిలిచిన బండియు మిగిలినవి. బంధువులందఱును బండి నమ్మివేయుమని మా వదినగారికి హితబోధ చేసిరి. వారి తర్కమునకు మూలమొక్కటే: మగదిక్కు లేని యింటికి కారెందుకు? 2017 నవంబరులో మెట్రోరైలు ఉప్పలునకు వచ్చిన తరువాత ఈ తర్కమునకు మఱింత బలము చేకూరెను. మెట్రో మంచిదే, మేము తఱచు దానిలోనే తిరుగుదుము. కాని యది ఉప్పలునుండి హబ్సీగూడ, తార్నాకల మీదుగా పట్టణమునకు పోవునే గాని నాచారమునకు పోదు. మా యమ్మగారికి వారమునకు రెండు మారులు నాచారములోని ఆసుపత్రికి పోవలసిన జబ్బు. ఎనుబదియేండ్ల వృద్ధురాలిని ప్రతిమారు ఆటోలలో ఎక్కించి దింపుట యెట్టి పనియో చేసినవారికే తెలియును. మా వదినగారు ఎవ్వరితోను వాదింపలేదు. నలుబదియెనిమిదవ యేట డ్రైవింగు నేర్చుకొనిరి, లైసెన్సు తెచ్చుకొనిరి, అత్తగారిని ప్రక్క సీటులో కూర్చుండబెట్టుకొని బండి నడుపసాగిరి. మా వీథికి ఈ దృశ్యము మొదటి నెల వింత. రెండవ నెల అలవాటు. మూడవ నెలనుండి ఇరుగుపొరుగు ఆడవారు తమ కూతుండ్రకు డ్రైవింగు బడుల చిరునామాలు వదినగారినే యడుగుచు వచ్చిరి.

2024లో రిజిస్ట్రేషనును మఱల ఐదేండ్లకు పొడిగించుకొనవలసిన గడువు వచ్చినప్పుడు హితబోధ తిరిగి మొదలయ్యెను. ఈ పర్యాయము బంధువులు పాతకార్ల బేరగాని నొకనిని సహితము వెంటబెట్టుకొని వచ్చిరి. అతడు బోనెట్టు తెఱవలేదు. ఇంజను చప్పుడు వినలేదు. ముందరి బంపరుపై వ్రేలితో నొక గీత గీచి, వ్రేలికంటిన తెల్లని పొడిని అందఱకును చూపి, ఇనుపతుక్కు ధర చెప్పెను. పిమ్మట మమ్ము ప్రక్కకు పిలిచి, "సార్, మంచిగ నూనె పట్టిచ్చి పెడితే ఇంకో పదివేలు ఎక్కువ వస్తయి. రెండు నిమిషాల పని" అనెను. ప్రక్కకు పిలిచినను మాట వదినగారి చెవిని పడెను.

"ఆ నూనె మీరే పట్టిచ్చి ఇంకొకరికి అమ్ముతరు గద. వారం పోయినంక వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్తరు?" అని యామె యడిగిరి.

"ఎవరూ అడగరమ్మా. అప్పటికి ఒక వాన పడుతది. వాన మీదికి పోతది" అని యతడు నవ్వెను.

ఆ నవ్వు మాకు క్రొత్తది కాదు. పశువుల సంతలో ముసలి యెద్దు కొమ్ములు చెక్కి రంగు పూసి వయస్సు దాచు వారు గలరు. ఆ నవ్వే అచ్చట నున్నది. పెండ్లిచూపులకు ముందు చామనచాయ పిల్ల ముఖమున పౌడరు దట్టించు పెద్దలు గలరు. ఆ నవ్వే అచ్చటను ఉన్నది. (కారు నల్లబడవలెనని నూనె రాయుదుము, పిల్ల తెల్లబడవలెనని పొడి రాయుదుము. రెంటికిని కారణము కొనువాని కన్నే యగుట విచారింపదగినది.) వదినగారు బేరగానికి మంచినీళ్లిచ్చి పంపివేసిరి. బండి నమ్మనని బంధువులతో చెప్పిరి. కాని వారు వెడలిపోయిన తరువాత బంపరు నొద్ద చాలసేపు నిలువబడిరి. "నేను అమ్మను, సరే. కాని ఇది ఇట్లే పొడి రాలుతుంటే ఎన్నాళ్లుంటది? నల్లగ కనపడాలని కాదు నేను అడిగేది. ఇది బతకాలంటే ఏం చేయాలె?" అని మమ్మడిగిరి. ప్రశ్న న్యాయమైనది. మాకు జవాబు తెలియదు. ఇద్దఱమును వెదుకుటకు పూనుకొంటిమి.

ఉప్పలు చౌరస్తా చుట్టుప్రక్కల కార్లు కడిగి మెఱుగుపెట్టు దుకాణములు చాల గలవు. వానిలో నొకదానికి పోయితిమి. అచ్చట ఒక పిల్లవాడు, పదునాలుగేండ్లు నిండినవో లేదో చెప్పజాలము, ముందుగా పెట్రోలులో ముంచిన గుడ్డతో బంపరును తుడువబోగా వదినగారు వలదనిరి. అప్పుడు సీసాలోని చిక్కని ద్రవమును స్పాంజిపై పోసి రుద్దెను. క్షణములో బంపరు పెండ్లికొడుకువలె వెలిగెను. బడికి పోవుచున్నావా బాబూ యని వదినగారు పిల్లవానినడిగిరి. సమాధానము యజమాని చెప్పెను, పిల్లవాడు చెప్పలేదు. ఆ ద్రవము సిలికోను నూనె. అది యెండదు, గట్టిపడదు. పైపైన పొరగా నిలుచును. ఇంటికి వచ్చులోపల ఉప్పలు దారి దుమ్మంతయు దానికంటుకొనెను. పదవనాడు మృగశిర కార్తె తొలివాన కురిసెను. మఱునాడు చూడగా బంపరు అక్కడక్కడ బూడిద, అక్కడక్కడ నలుపు. క్రిందుగా తెల్లని రేకుపై జిడ్డు చారలు. బేరగాడు చెప్పినది అక్షరాల నిజమయ్యెను. అతడు మోసగాడే కావచ్చును గాని తన శాస్త్రము నెరిగినవాడు.

ఇక ఇరుగుపొరుగుల సలహాలు. ఒకరు కొబ్బరినూనె యనిరి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల వేడిమికి క్రిందుగా పేరుకొనును. మార్గశిరమాసపు ఉదయమున మన బంపరుపై తెల్లని మీగడ కట్టును. నలుపు కొఱకు పూసిన మందు చలికాలములో తెలుపును ప్రసాదించుట వింతయే గదా. వేరుసెనగనూనె కొంతవరకు ఎండి బంకగా మారును. చీమలకు దుమ్మునకు విందు. కార్ఖానాలలో నలిగినవారు ఇంజనునుండి తీసిన పాతనూనెను రుద్దుమనిరి. అది నల్లగా నున్నమాట నిజమే; కాని అది చర్మమునకు హానికరము, రబ్బరునకు శత్రువు. పసిపిల్లలు చేతులుంచు ద్వారపు పిడులకు దానిని పూయువారిని మేము క్షమింపజాలము. బూటుపాలిషు వాన నాగునేమో గాని చీర కొంగునకు దిగును. అవిసెనూనె వీనియన్నిటికంటె మేలు. అది గాలి తగిలి నిజముగా గట్టిపడును. కాని దానిని తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పాఱవేసిన, ఆ గట్టిపడుటలో పుట్టు వేడిచేత గుడ్డ తనంతట తానే యంటుకొనగలదు. వాడువారు గుడ్డను విప్పి యారవేయవలెను, లేదా నీటిలో ముంచవలెను. ఈ సంగతి తెలియక వాడుటకంటె వాడకుండుట మంచిది.

ఇట్లు తిరుగుచుండగా మల్లాపురములో నివసించు ఒక పెద్దాయన మాకు దొరకిరి. వారు ముప్పదియేండ్లు నాచారములోని ఒక ప్లాస్టికు అచ్చుల కార్ఖానాలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. మా యన్నగారు ఆ కార్ఖానా యచ్చులకు లేతుపని చేసిచ్చుట చేత పరిచితులు. నాచారము, మల్లాపురము, చర్లపల్లి పారిశ్రామికవాడలలో ప్లాస్టికు నెరిగిన చేతులకు కొదువ లేదు. ప్లాస్టికు ఇంజనీరింగు నేర్పు కేంద్రప్రభుత్వ సంస్థ, సిపెట్ అని పేరుగలది, చర్లపల్లిలోనే యున్నది. ఇంత విద్య సమీపములోనే యుండగా మనము బంపరు మందుకొఱకు కొబ్బరినూనె సీసాను వెదుకుట మన విద్యకును మన గృహములకును నడుమ నున్న గోడ యెంత యెత్తైనదో తెలుపును.

పెద్దాయన వచ్చి, బంపరును తాకక, "అమ్మా, ముందుగాల నంబరు ప్లేటు విప్పుండ్రి" అనిరి. ముందరి బంపరునకు బిగించిన పలకను విప్పితిమి. దాని వెనుక, పలక మేరకు, బంపరు కొన్ననాటి నలుపుతో నుండెను. చుట్టును బూడిద, నడుమ నల్లని దీర్ఘచతురస్రము. వదినగారు అప్రయత్నముగ దానిపై చేయి వేసిరి. ముప్పదియేండ్లు ఆ పలక చాటున దాగియున్న 1994వ సంవత్సర మది. పిమ్మట పెద్దాయన బండి వెనుకకు పోయి చూపిరి. మా వాకిట బండి ముఖము పడమరకు, వీపు గోడనీడకు. ముందరి బంపరు బూడిద. వెనుకది యించుమించు నలుపే. రెండింటికిని వయస్సొక్కటే. "వయసు కాదమ్మా, ఎండ" అని వారనిరి.

వారు చెప్పిన శాస్త్రమును మాకర్థమైనంత మేరకు ఇచ్చట వ్రాయుచున్నాము. ప్లాస్టికు పొడవైన గొలుసుల ముద్ద. ఎండలోని యతినీలలోహిత కిరణములు గాలిలోని ప్రాణవాయువు తోడుగా ఆ గొలుసులను త్రెంచును. పాలీప్రొపిలీను గొలుసునకు ఈ దెబ్బ తగులు బలహీనస్థానములు చాల గలవు. గొలుసులు తెగగా పైపొర పెళుసై, కంటికి కానరాని నెఱియలు వాఱును. కొంత పొడియై రాలును. గట్టిదనమునకై ముందే కలిపిన టాల్కువంటి తెల్లని పొడి బయటపడును. ఆ నెఱియలపై పడిన వెలుతురు నలుదిక్కుల చెదరి కంటికి తెల్లగా తోచును. "నలుపు పోలేదమ్మా. మీద పొర అడ్డమొచ్చి కనపడకుంట అయింది" అని వారనిరి.

ఆ నలుపు ఏమిటని వదినగారడిగిరి. మసి! ఆముదపు దీపముపై మూకుడు బోర్లించి మన తల్లులు కాటుక పట్టినట్లే, యంత్రశాలలలో నూనెను చాలీచాలని గాలిలో మండించి మసి పట్టుదురు. దానిని ప్లాస్టికులో కలుపుదురు. అందము కొఱకు మాత్రమే కాదు. ఆ మసి యతినీలలోహిత కిరణములను తాను మ్రింగి గొలుసులను కాపాడును. పొలములకు, ఇండ్లకు నీరు తెచ్చు నల్లని పాలిథీను గొట్టములలో నూటికి రెండు మూడు పాళ్లు ఈ మసి యుండవలెనని నియమమే యున్నది. మిద్దెలపై నీళ్లతొట్లు నల్లగా నుండుటకు కారణ మిదియే. బిడ్డ చెక్కిలిపై పెట్టిన దిష్టిచుక్క యే దృష్టిని ఆపునో మేమెఱుగము గాని, ఈ కాటుక మాత్రము సూర్యుని దృష్టిని నిజముగా ఆపుచున్నది. ముప్పదియేండ్లు ఆపి యాపి పైపొర యలసినది, అంతే. దానిని చూచి తుక్కుధర చెప్పుట న్యాయము కాదు.

నూనె రాచిన వెంటనే నలుపేల వచ్చునను దానికి పెద్దాయన మా వాకిటి నాపరాళ్లనే చూపిరి. తాండూరు రాళ్లు, ఎండినప్పుడు బూడిదరంగు, నీళ్లు చల్లిన నీలినలుపు. నీరు రాతికి రంగు వేయలేదు. గరుకును నింపి వెలుతురు చెదరకుండ చేసినది. నీరాఱిన మఱల బూడిద. నూనెయు బంపరు నెఱియలలో నిండి ఇదే పని చేయును. అది కాఱిపోవుటకు కొంచెమెక్కువ కాలము పట్టును. పెద్దాయన ఈ మాట చెప్పుచు చెంబెడు నీళ్లు వాకిట చల్లి చూపుటతో, పదియేండ్లుగా ప్రతి యుదయము ఆ రాళ్లపై నీళ్లు చల్లుచున్న వదినగారు నవ్విరి.

వేడిగాలి యంత్రమును గూర్చియు అడిగితిమి. కొందఱు దానితో బంపరును కాల్చి నలుపు తెచ్చుట చూచియుంటిమి. పాలీప్రొపిలీను 160 డిగ్రీల ప్రాంతమున కరగును. ఆ వేడికి పైపొర మెత్తబడి నెఱియలు మూసికొనును, నలుపు నిజముగానే తిరిగి కానవచ్చును. కాని తెగిన గొలుసులు అతుకుకొనవు. కఱగిన రక్షణద్రవ్యములు తిరిగి రావు. కొలది నెలలలో మఱల బూడిద. చేయి ఒక్క క్షణము నిలిచినచో బంపరు వంకరపోవును, ప్రక్కనున్న రేకుపై రంగు పొంగును. రంగు చిమ్ముట మఱియొక మార్గము. పాలీప్రొపిలీనునకు దేనినైనను తన యొంటికి అంటనీయని స్వభావము, తామరాకువంటిది. దానికి ముందుగా ప్రత్యేకమైన అంటుపూత వేయక నల్లరంగు చిమ్మిన, ఏడాది తిరుగకుండ పొలుసులుగా లేచును. అప్పుడు రెండు రోగములు. క్రొత్త బంపరు కొనుట యన్నిటికంటె సులభమని తోచి రాణిగంజు విడిభాగముల దుకాణములలో చూచితిమి. దొరకినది పలుచగా నుండెను. దానికంటె మా ముసలిదే మందము. వదినగారు దానిని చేతితో వంచి చూచి, అమ్మువానికి నమస్కరించి బయటికి వచ్చిరి.

చివరకు పెద్దాయన సూచించిన మార్గమిది: ముందు శుభ్రము, తరువాత ఆఱి గట్టిపడు పూత, ఆ తరువాత నీడ. మూడింటిలో మొదటిదానికే ఎక్కువ శ్రమయని వారు హెచ్చరించిరి.

ఒక ఆదివారము తెల్లవాఱి వదినగారును, ఇంటరు చదువుచున్న పొరుగింటి యమ్మాయియు పనికి దిగిరి. మేము నీళ్లు మోయుటకును, అడుగని సలహాలు చెప్పుటకును నియుక్తులమైతిమి. బంపరు చుట్టును రేకుపై కాగితపు అంటుపట్టీ వేసిరి. సబ్బునీటితో నైలాను బ్రష్షుతో రుద్దిరి. మొదటి బకెటు నీరు బియ్యము కడిగిన నీటివలె వచ్చెను, రెండవది మజ్జిగతేటవలె, మూడవది కొంత తేట. నెఱియలలో పొడి మాత్రమే కాదు, ఏండ్ల తరబడి రేకునకు పెట్టిన మైనము, రుద్దిన సిలికోను అన్నియు నుండెను. గరుకుకాగితముతో రుద్దుదమని అమ్మాయి యనగా వదినగారు ఆపిరి. అచ్చులో వచ్చిన సన్నని గరుకుపని ఒకమారు పోయిన మఱల రాదని పెద్దాయన చెప్పియుండిరి. బంపరును ఒక దినము ఎండనిచ్చి, మఱునాడు ఐసోప్రొపైల్ ఆల్కహాలును సగము నీటితో కలిపి, తెల్లని గుడ్డ మాయనంతవఱకు తుడిచిరి. ఎనిమిది గుడ్డలు పట్టినవి. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనిరి. ఆ దుకాణపు పిల్లవానికి ఎవ్వరును అట్టివి ఇయ్యలేదని వదినగారు ఆ వేళ రెండుమార్లు అనిరి.

దారిన పోవుచు ఒక బంధువుగారు ఆగి, "ఈ వయసులో ఈ నేలపనులేమిటి? నలుగురు చూస్తే ఏమనుకుంటారు? ఒక పనివాడిని పెడితే కాదా?" అని మందలించిరి. మా యమ్మగారు అరుగుపై కూర్చుండి సమాధానము చెప్పిరి: "దేవుని ఇత్తడి సామాను తోమేటప్పుడు నలుగురు చూస్తే పుణ్యం అంటరు. ఇది తోమితే మాత్రం సిగ్గెందుకురా?" వారు ముందుకు సాగిపోయిరి. అత్తగారు కోడలి పక్షమున నిలిచి మాటాడిన యిట్టి ఘట్టములు మన నవలలలో అరుదుగా వచ్చుచున్నవి. యిండ్లలో అంత యరుదు కాదని మా యనుభవము.

పూతలు రెండు జాతులు. ఒకటి నూనెవలె తడిగా నిలుచునది. రెండవది రాల్చి వంటి ద్రవ్యము గలది. అది ఆఱి గట్టి పొరయగును. సీసాపై ఆఱుటకు కాలమెంతయని వ్రాసియున్న రెండవ జాతిది. తుడిచివేయుమని మాత్రమే వ్రాసియున్న తఱచు మొదటి జాతిది. ముందుగా బంపరు క్రిందిమూలయందు, ఎవరికిని కానరాని చోట, రూపాయ యంత మేర పూసి రెండు దినములు చూచిరి. సబ్బుతో కడిగినను పోలేదు. అప్పుడు మిగిలినదంతయు స్పాంజి ముక్కతో పలుచగా పూసి, మిగులును గుడ్డతో తీసి, ఒక రోజు బండిని నీడలో కదల్పక ఉంచిరి. మఱునాడు రెండవ పూత. నిగనిగ రాలేదు. మెఱుపులేని మెత్తని నలుపు వచ్చెను. నంబరు పలక చాటున నున్న పాత నలుపుతో సరిపోల్చి చూచితిమి. పాతది యొక చాయ యెక్కువ. వదినగారికి అది చాలును. పలకను తిరిగి బిగించిరి.

ఇది శాశ్వతము కాదు. పూతయు ఎండకు అరగునదే. అరిగినప్పుడు మఱల పూయవలెను. లోని నలుపుకన్న ముందుగా పూత యెండ దెబ్బ తినును గావున, నష్టము పూతకు, లాభము బంపరునకు. నేటికి ఒక వర్షకాలమును ఒక పూర్తి వేసవియు గడచినవి. వ్రేలితో రాచిన పొడి యంటుటలేదు. తెల్లని రేకుపై చారలు పడలేదు. బండి ముఖము నిప్పుడు గోడవైపు త్రిప్పి నిలుపుచున్నారు. వాకిటిపై ఆకుపచ్చని నీడవల కట్టించిరి. పూతకంటె ఈ వలయే గొప్ప మందని పెద్దాయన యందురు.

బేరగాడు ఒకమారు ఆ దారిన వచ్చి బంపరు చూచి ఆగెను. ఏ నూనె వాడితిరని యడిగెను. వదినగారు దాచక అంతయు చెప్పిరి. మూడు బకెట్ల నీళ్లు, ఎనిమిది గుడ్డలు, నాలుగు దినములు. "అంత టైం ఎవరికుందమ్మా" అని యతడు వెడలిపోయెను. అతని దృష్టిలో అది న్యాయమైన మాటయే. అమ్ముటకు రెండు నిమిషములు చాలును.

దుకాణపు పిల్లవానిని గూర్చి వదినగారు ఊరకుండలేదు. మఱల రెండుమారులు అచ్చటికి పోయిరి. రెండవమారు అతడచ్చట లేడు. బడికి పోయెనో, మఱియొక దుకాణమునకు పోయెనో యజమాని చెప్పలేదు. వదినగారు తాము కొన్న రబ్బరు తొడుగులలో మిగిలిన జతలను అచ్చట పనిచేయువారికిచ్చి వచ్చిరి.

వెనుక బంపరు ఎడమమూల నొక పగులున్నది. అది ఎండ చేసినది కాదు. ఎప్పుడో ఒక స్కూటరు చేసినది. దానిని జిగురుతో అతికింప వీలులేదు. అదే జాతి ప్లాస్టికు పుల్లను వేడిగాలితో కరగించి కుట్టువలె వేయవలెను. బంపరు లోపలివైపు ఏ జాతి ప్లాస్టికో తెలుపు అక్షరములు అనేక కార్లలో అచ్చువేసి యుండును. మాదానిని విప్పి చూడవలసి యున్నది. పుల్లను నాచారమునుండి తెచ్చి యిచ్చెదనని పెద్దాయన మాట యిచ్చిరి. పొరుగింటి యమ్మాయికి దసరా సెలవులు రాగానే ఆ పని మొదలుపెట్టుదురు.